పొందూరు రాట్నం ముందు కెమెరా: షాట్ ఎంపిక నుంచి ఫైనల్ కట్ దాకా

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్లకు ఇప్పుడు లోటేమీ లేదు. ఫోన్ అందరి దగ్గరా ఉంది, గింబల్ (ఫోన్ వణక్కుండా పట్టే పిడి) ఎవరో ఒకరి దగ్గర అప్పు దొరుకుతుంది, లొకేషన్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అసలు కష్టం ఎడిటింగ్‌కి కూర్చున్నాక తెలుస్తుంది. హార్డ్ డిస్క్ నిండా ఫుటేజీ ఉంటుంది, అందులో అందమైన షాట్లూ ఉంటాయి, కానీ ఏ రెండు పక్కపక్కన పెట్టినా అతకవు. సాఫ్ట్‌వేర్ రాకపోవడం వల్ల ఇలా అయిందనుకుని యూట్యూబ్‌లో ట్రాన్సిషన్ల ట్యుటోరియల్స్ చూడడం మొదలుపెడతాం. నా లెక్కలో అందులో ముప్పావు వంతు చిక్కు షాట్లు ఎంచుకునే దగ్గరే పడుతుంది.

పొందూరులో ఖాదీ నూలు వడికే ఒక మామ్మ మీద చిన్న డాక్యుమెంటరీ చేస్తున్నప్పుడు నాకు పట్టుబడిన పద్ధతి ఇక్కడ వరసగా రాస్తున్నాను. డాక్యుమెంటరీకే కాదు, కథ ఉన్న షార్ట్ ఫిల్మ్‌కీ ఇదే పనికొస్తుంది. దీని వెనక ఉన్న సూత్రం ఒక్కటే: షాట్ చూడగానే మనసులో ఒక ప్రశ్న పుట్టాలి, తర్వాతి షాట్ దానికి జవాబు చెప్పాలి, లేదంటే కావాలనే కాసేపు ఊరించాలి. ప్రశ్న పుట్టించని షాట్ ఎంత బాగున్నా, దాని పక్కన ఏం పెట్టాలో ఎడిటింగ్‌లో తోచదు.

ముందు కెమెరా సంచిలోనే ఉండనివ్వండి

లొకేషన్‌కి వెళ్లగానే రికార్డు నొక్కేయాలని చేతులు దురదపెడతాయి. నొక్కకండి. తీయబోయే పనిని మొదటి నుంచి చివరిదాకా ఊరికే కూర్చుని చూడండి. ఏ పనికైనా ఒక చక్రం ఉంటుంది, మొదలయ్యే చోటు, ఊపందుకునే చోటు, ఒక్క క్షణం ఆగే చోటు. ఆ ఆగే చోటే మీకు రేపు కట్ పాయింట్, అంటే ఒక షాట్ కోసి ఇంకోటి పెట్టే చోటు.

పొందూరు నూలునే తీసుకుందాం. పత్తిని ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ పళ్లు చాలా సన్నం, వాటి మధ్య చెత్త ఆగిపోయి పీచు ఒక వరసలోకి వస్తుంది. తర్వాత గింజ తీస్తారు, దూది ఏకుతారు, ఏకులు చుడతారు, వాటికి మురికి అంటకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు. అప్పుడు రాట్నం దగ్గరికి వస్తారు. మామ్మ కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడంచేత్తో ఏకును వెనక్కి లాగుతుంది, దారం సాగుతూ సాగుతూ చెయ్యి చాచినంత మేర వస్తుంది, అక్కడ చెయ్యి అరక్షణం నిలబడుతుంది, చక్రం కాస్త వెనక్కి తిరుగుతుంది, చెయ్యి ముందుకొచ్చి దారం కదురుకు చుట్టుకుంటుంది. మళ్లీ మొదలు. ఆ అరక్షణం ఒక్కసారి మీ కంటపడిందంటే చాలు, వైడ్ (దూరం నుంచి మొత్తం కనిపించే షాట్) నుంచి క్లోజప్‌కి ఎక్కడ మారాలో, క్లోజప్ నుంచి ముఖం మీదికి ఎప్పుడు రావాలో ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

చూస్తూ కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి: చెయ్యి ఎక్కడ ఆగుతోంది, చూపు ఎప్పుడు పనిమీంచి పక్కకు పోతోంది, ఏ చప్పుడు ఎప్పుడు వస్తోంది, అరుగు మీద ఎండ ఏ వేళకు ఎక్కడ పడుతోంది. ఎండ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. పొద్దున తొమ్మిదికి తీసిన వైడ్ పక్కన మధ్యాహ్నం రెండింటికి తీసిన క్లోజప్ పెడితే నీడలు చాడీ చెప్పేస్తాయి. అన్నట్టు కళింగపట్నం, బారువ లాంటి బీచ్‌లలో తీసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలోకి దిగడు. అలల ముందు మనిషిని నల్లటి ఆకారంగా చూపాలంటే తెల్లారగట్లే వెళ్లాలి, సాయంత్రం టీ తాగి తీరిగ్గా వెళ్తే దొరకదు.

షాట్ లిస్టును ప్రశ్నలుగా రాయండి

మామూలుగా షాట్ లిస్ట్ అంటే వైడ్, మిడ్, క్లోజప్ అని మూడు వరసలు గీసి ఊరుకుంటాం. అలా రాస్తే ఏ సీనుకైనా ఒకే లిస్ట్ వస్తుంది. దానికి బదులు సీను పేరు రాసి, కింద ఒక్క వాక్యంలో ఈ సీను అయ్యేసరికి చూసేవాళ్లకు ఏం తెలియాలో, ఏం అనిపించాలో రాయండి. ఒక్క వాక్యంలో రాయలేకపోతే అక్కడ రెండు సీన్లున్నట్టు, లేదా ఏ సీనూ లేనట్టు.

తర్వాత ఆ వాక్యానికి చేరడానికి ప్రశ్నలు పేర్చండి. చేప దవడనే చూడండి. వైడ్‌తో మొదలుపెట్టి, మామ్మ అరుగు మీద కూర్చుంది, చేతిలో ఏదో ఉంది, పత్తి దువ్వుతోంది అని చూపిస్తే సమాచారం అందుతుంది, అంతే. అదే తెర నిండా ఆ దవడ పళ్లు, వాటి మధ్య తెల్లటి పీచు, బరబరా శబ్దం ముందు పెట్టారనుకోండి. "ఇదేంటి?" అనుకుంటారు. దువ్వెనా? రంపమా? రెండో షాట్‌లో వేళ్లు, పత్తి కాయలోంచి తీసిన తునక. ఇంకా తెలియదు. మూడో షాట్‌లో మామ్మ ఆ ఎముకను వెలుతురుకెత్తి పళ్లలో ఇరుక్కున్న నలుసు ఊదుతుంది, అప్పుడు ఆకారం తెలుస్తుంది, చేప దవడ అని అర్థమవుతుంది. వైడ్ ఆ తర్వాత. అదే వస్తువు, అదే మనిషి, వరస మార్చామంతే.

అందుకే ప్రతి సీనూ ఎస్టాబ్లిషింగ్ షాట్‌తో, అంటే చోటు ఏదో చూపే షాట్‌తో మొదలవ్వాలనే రూలు మీద నాకు పెద్దగా గౌరవం లేదు. విజయనగరంలో తీసిన స్టూడెంట్ ఫిల్మ్ ఏదైనా తెరవండి, గంటస్తంభం మీద డ్రోన్ ఒక చుట్టు తిరుగుతుంది, ఆపైన కోట గోడ కనిపిస్తుంది. 1713లో పునాది పడిన కోట, చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ కథ రైల్వే స్టేషన్ దగ్గర మెస్‌లో జరుగుతున్నప్పుడు ఆ కోట ఏం అడుగుతోంది? ఊరు ఏదో చెప్పాలంటే ఆర్టీసీ బస్సు బోర్డు సరిపోతుంది, మాట యాస సరిపోతుంది.

చేతులా ముఖమా అన్నది ఇంకో ఎంపిక. పని చూపే సినిమాల్లో చేతుల క్లోజప్పులు మత్తులాంటివి, ఎన్ని తీసినా తనివి తీరదు. మధ్యలో మామ్మే ఆపి అడిగింది: "ఏటి బావూ, పొద్దున్నుంచి నా సేతులే తీస్తన్నావు, మొగం బాగోలేదేటి?" అందరం నవ్వాం గానీ ఆ మాటలో ఎడిటింగ్ పాఠం ఉంది. చేతులు పని ఎలా జరుగుతోందో చెబుతాయి. ఆ పని చేసే మనిషికి అది ఎలా ఉందో ముఖమే చెప్పాలి. చేతులు రెండు మూడు షాట్లు వరసగా వచ్చేసరికి "ఎవరివి ఇవి?" అన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది, అక్కడ ముఖం పెట్టండి. ముందే పెట్టేస్తే ఆ ఆకలి ఉండదు. ముఖం తీసేటప్పుడు ఫోన్ వైడ్ లెన్స్‌తో దగ్గరికి పోకండి, ముక్కు పెద్దదై చెవులు వెనక్కిపోతాయి. రెండు రెట్ల లెన్స్ ఉంటే అది పెట్టుకుని రెండడుగులు వెనక్కి జరగండి.

తీసేటప్పుడు ఎడిటర్‌కి ఏం మిగల్చాలి

షాట్ మొదట్లో, చివర్లో జాగా వదలండి. పని మొదలవ్వకముందే రికార్డు నొక్కండి, పని అయిపోయాక అయిదు అంకెలు మనసులో లెక్కపెట్టి ఆపండి. కదలని షాట్ అయినా కనీసం పది సెకన్లు పట్టుకోండి. ఎడిటింగ్‌లో రెండు సెకన్లే వాడతాం, కానీ ఏ రెండు సెకన్లు వాడతామో ఇప్పుడు తెలియదు కదా.

చేసిన పనిని రెండు కొలతల్లో తీయాలి, అదీ ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కేలాగ. వైడ్‌లో మామ్మ ఏకు అందుకోవడం నుంచి దారం కదురుకు చుట్టడం దాకా మొత్తం తీయండి. క్లోజప్‌లోనూ ఏకు అందుకోవడం నుంచే మొదలుపెట్టండి, "వైడ్‌లో ఆ ముక్క వచ్చేసింది కదా" అని మధ్యలోంచి తీయకండి. రెండింట్లోనూ అదే కదలిక ఉంటేనే కదలిక మధ్యలో కోయడం కుదురుతుంది. చెయ్యి వెనక్కి పోతుండగా వైడ్‌ని కోసి, అదే చెయ్యి అదే వేగంతో వెనక్కి పోతున్న క్లోజప్ పెడితే కన్ను కదలికను వెంబడిస్తూ పోతుంది, కోత కనపడదు. చెయ్యి పూర్తిగా ఆగాక కోస్తే కోత తెలుస్తుంది. తెలియడం తప్పేం కాదు, కొన్నిసార్లు అదే కావాలి.

వరసగా వాడబోయే రెండు షాట్లు ఒకే మనిషివైతే, కోణం కనీసం ముప్పై డిగ్రీలు మారాలి, సైజు కూడా స్పష్టంగా మారాలి. కెమెరా రెండంగుళాలు జరిపి, జూమ్ కొంచెం పెంచి తీసిన షాట్లు పక్కపక్కన పెడితే మనిషి కుర్చీలో ఉలిక్కిపడినట్టు కనిపిస్తుంది. పక్కకు జరగడానికి బద్ధకిస్తే దాని బాకీ ఎడిటింగ్‌లో తీర్చుకోవాలి.

ఇక అందరూ తడబడే చోటు, నూట ఎనభై డిగ్రీల గీత, అంటే కదలిక దారి వెంట మనం ఊహించుకునే గీత, కెమెరా దానికి ఒకే పక్క ఉండాలి. పుస్తకంలో బొమ్మ చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, లొకేషన్‌లో నిలబడితే పోతుంది. నాకు ఇది పైడితల్లి అమ్మవారి సిరిమానుతో (కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) బాగా బోధపడింది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరిగే పండగ, విజయనగరం వాళ్లకు చెప్పక్కర్లేదు. సిరిమాను గుడి దగ్గర నుంచి కోట దాకా వెళ్లి తిరిగొస్తుంది, అలా మూడుసార్లు. ఊహించండి: గుడి నుంచి కోట వరకు ఒక గీత ఉంది, మీరు రోడ్డుకు ఒక పక్క మేడమీద ఉన్నారు. సిరిమాను కోటకు వెళ్తున్నప్పుడు తెర మీద ఎడమ నుంచి కుడికి కదిలితే, తిరిగి వచ్చేటప్పుడు కుడి నుంచి ఎడమకు కదులుతుంది. చూసేవాళ్లకు ఊరి దిక్కులు తెలియకపోయినా వెళ్తోందా వస్తోందా అన్నది తెలుస్తుంది. ఇప్పుడు మీ స్నేహితుడు రోడ్డుకు అటు పక్క మేడమీంచి తీశాడనుకోండి, అతని ఫుటేజీలో వెళ్లేది కుడి నుంచి ఎడమకు ఉంటుంది. రెండూ కలిపారంటే అమ్మవారు కోటకు పోతూ పోతూ మధ్యలో వెనక్కి తిరిగినట్టుంటుంది, మూడు తిరుగుళ్ల లెక్క ఎవడికీ తేలదు. కాబట్టి ఇద్దరు ముగ్గురు కెమెరాలు పట్టుకుని పోయేటప్పుడు గీతకు ఒకే పక్క నిలబడండి. గీత దాటాల్సిందే అంటే మధ్యలో ఒక అతుకు షాట్ తీసుకోండి: సిరిమాను సూటిగా కెమెరా వైపు వస్తున్నది, లేదా పైకి చూస్తున్న జనం ముఖాలు. దిక్కు లేని షాట్ ఒకటి మధ్యలో పడితే ఆ తర్వాత కొత్త దిక్కును కన్ను ఒప్పుకుంటుంది.

అలాంటి పండగలో రీటేక్ అడగలేం. కాబట్టి అసలు విషయం కంటే దాని చుట్టూ ఉన్న వాటిని ఎక్కువ తీసుకోండి. సిరిమానుకు ముందు వచ్చే పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల, మేడల మీద జనం, అరటిపండ్లు పట్టుకున్న చేతులు, నాన్న భుజాల మీద కూర్చున్న పిల్ల, ఇవే రేపు ఏ రెండు ముక్కలు అతకకపోయినా మధ్యలో పెట్టుకోవడానికి పనికొస్తాయి. వీటినే కట్‌అవేలంటారు, అవి లేని పండగ ఫుటేజీని ఎడిట్ చేయడం నరకం.

సెట్టింగ్స్, క్లుప్తంగా

మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. ఫోన్‌లో మాన్యువల్ మోడ్ ఉంటే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టుకోండి, లేకపోతే ఇంట్లో తీసిన ప్రతి షాట్ మీదా నల్లటి పట్టీలు జారుతూ కనిపించవచ్చు. ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) మూడూ లాక్ చేయండి. లాక్ చేయకుండా తీస్తే షాట్ మధ్యలో గోడ రంగు మారుతుంది, దాన్ని కలర్ కరెక్షన్‌లో సరిచేయడం కంటే మళ్లీ వెళ్లి తీయడం తేలిక. నిల్వ లెక్క కూడా ముందే చూసుకోండి: 50 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 50 మెగాబిట్లు) నిమిషానికి 375 ఎంబీ, అంటే గంటకు 22 జీబీ పైనే.

శబ్దం వేరుగా పట్టుకోండి

స్టూడెంట్ సినిమా అని మొదటి నిమిషంలోనే పట్టించేది బొమ్మ కాదు, సౌండ్. కాలర్ మైక్ చౌకగా దొరుకుతోంది, కొనండి, లేదా రెండో ఫోన్‌ను మనిషికి దగ్గరగా, ఫ్రేముకు కనపడకుండా పెట్టి రికార్డు చేయండి. ఫ్యాన్ ఆపమని మొహమాటం లేకుండా అడగండి.

మాటలు అయిపోయాక ఎవర్నీ కదలొద్దని చెప్పి, ఆ గదిలో ఊరికే ఉన్న నిశ్శబ్దాన్ని అరనిమిషం రికార్డు చేయండి. నిశ్శబ్దం అంటున్నాను గానీ అందులో కోళ్లు, దూరంగా మగ్గం, పక్కింటి టీవీ, అన్నీ ఉంటాయి. మాట మధ్యలో ముక్క కోసేసినప్పుడు ఆ ఖాళీలో ఇది పోయకపోతే చెవికి గుంతలా తగులుతుంది. రాట్నం చప్పుడు దగ్గరగా వేరే తీసుకోండి, మగ్గం చప్పుడు వేరే, నాడె (మగ్గంలో అడ్డదారం మోసుకెళ్లేది) అటూఇటూ తిరిగేది వేరే.

పొందూరు హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీద ఉంది, రైళ్ల కూత వినపడుతూనే ఉంటుంది. ఇంటర్వ్యూ మధ్యలో కూత వస్తే ఆపి, పోయాక ఆ వాక్యం మళ్లీ చెప్పించండి. లేకపోతే ఆ వాక్యంలో ఎక్కడ కోసినా కూత సగంలో తెగిపోతుంది. ఆ కూతను మాత్రం పారేయకండి, పూర్తిగా ఒకసారి రికార్డు చేసుకోండి, తర్వాత చెబుతాను ఎందుకో.

ఇంటర్వ్యూలో ఇంకో చిన్న కిటుకు. మన ప్రశ్న సినిమాలో వినిపించదు కాబట్టి జవాబు దానంతట అది నిలబడాలి. "ఎన్నాళ్ల నుంచి?" అని అడిగితే "సిన్నప్పట్నించి" అని ఒక్క ముక్క వస్తుంది, ఎందుకూ పనికిరాదు. "ఈ పని మీకెలా వచ్చింది మామ్మా, మొదట్నుంచి చెప్పండి" అనండి. ఆమె ఆపగానే మీరు అందుకోకండి. కాసేపు ఊరుకుంటే ఆ మౌనంలో ముఖం మీద ఏదో కదులుతుంది, లేదా అసలు మాట అప్పుడు వస్తుంది. రెండూ మీకే లాభం.

ఇంటికొచ్చాక

ముందు కాపీలు. ఫోన్ ఖాళీ చేసేలోపు ఫుటేజీ రెండు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉంటే మంచిది. ఫోల్డర్లకు తేదీ, చోటు, సీను పేర్లు పెట్టండి.

ఫోన్ ఫుటేజీలో ఒక దొంగ ఉంటుంది, వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఫోన్ తన వీలును బట్టి సెకనుకు ఫ్రేములు హెచ్చుతగ్గులు చేస్తుంది, ప్లే చేస్తే తెలియదు, టైమ్‌లైన్ మీద పెట్టాక మాటకూ పెదాలకూ పొత్తు కుదరదు. హ్యాండ్‌బ్రేక్ ఉచితంగా దొరుకుతుంది, అందులో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ అని పెట్టి మార్చుకున్నాకే ఎడిటింగ్ మొదలెట్టండి. ఎడిటింగ్‌కి డావించి రిజాల్వ్ ఉచిత వెర్షన్ మన అవసరాలకు ఎక్కువే. ల్యాప్‌టాప్ మొరాయిస్తే ప్రాక్సీలు చేసుకోండి, అంటే అవే క్లిప్పుల తేలిక కాపీలతో కోసి, చివర్లో అసలు వాటితో ఎక్స్‌పోర్ట్ చేయడం.

రషెస్ (కోయని అసలు ఫుటేజీ) చూడడం ఒక పని, పూర్తి పని

మొత్తం ఫుటేజీ ఒకసారి ఆపకుండా చూడండి, చేతిలో కాగితం పెట్టుకుని. ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ ముందుకు వంగి చూశారు, ఎక్కడ ఫోన్ వైపు చెయ్యి పోయింది, టైమ్‌తో సహా రాయండి. మొదటిసారి కలిగిన స్పందన మళ్లీ రాదు. పదోసారి చూసేటప్పటికి మీకు అన్నీ బాగున్నట్టో అన్నీ చెత్తలాగో అనిపిస్తాయి, అప్పుడు ఈ కాగితమే సాక్షి. ఈ పని ఎగ్గొట్టి నేరుగా కోయడం మొదలుపెట్టేవాళ్లు మా బ్యాచ్‌లో సగానికి పైనే ఉండేవాళ్లు, చివరికి వాళ్లకు గుర్తున్న షాట్లతోనే సినిమా అయింది. గుర్తున్నవి ఏవంటే తీయడానికి కష్టపడ్డవి. చెట్టెక్కి తీసిన షాట్ మీద ప్రేమ చూసేవాళ్లకు ఎందుకుంటుంది, వాళ్లు చెట్టెక్కలేదు కదా.

వెన్నెముక ముందు

డాక్యుమెంటరీ అయితే ముందు మాటలు మాత్రమే పేర్చండి, బొమ్మ చూడకుండా కళ్లు మూసుకుని రేడియోలా వినండి. కథ అర్థమవుతోందా? ఎక్కడైనా చెప్పిందే చెబుతోందా? అది కుదిరాక దానిమీద బొమ్మలు ఎక్కించండి. కథా చిత్రమైతే సీన్లన్నీ పొడవుగానే వరసగా పెట్టి ఒకసారి చూడండి. ఈ మొదటి కూర్పు ఎప్పుడూ ఘోరంగానే ఉంటుంది, టెన్షన్ పడొద్దు.

బొమ్మలు ఎక్కించేటప్పుడు గుర్తుంచుకోవలసిన ఒక పాత ప్రయోగం ఉంది. సుమారు వందేళ్ల కిందట రష్యాలో దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒక నటుడి భావం లేని ముఖాన్ని తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీని పెట్టి చూపాడు. ముఖం అదే, చూసినవాళ్లకు మాత్రం ఆకలి, దుఃఖం, కోరిక కనిపించాయి. మీరే చేసి చూడండి. మామ్మ తలవంచి చూస్తున్న ఒకే క్లోజప్ తర్వాత తెగిన దారం పెడితే విసుగు కనిపిస్తుంది. కూలి డబ్బులు లెక్కపెట్టే చేతులు పెడితే ఇంకేదో కనిపిస్తుంది. స్కూలు యూనిఫాంలో గుమ్మం దాటే మనవరాలిని పెడితే పూర్తిగా వేరే మనిషి అవుతుంది. చూశారా, అందుకే "బాధగా చూడండి మామ్మా" అని అడగక్కర్లేదు. అడిగితే నటిస్తుంది, చెడిపోతుంది. అయితే దీనితో పాటు ఒక బాధ్యత కూడా ఉంది. ఆమె పడని బాధను కట్‌తో పుట్టించడం మన చేతిలో పని, డాక్యుమెంటరీలో అది అబద్ధం కిందే లెక్క. ఆమె అప్పుడు నిజంగా దేన్ని చూస్తోందో మీ కాగితంలో రాసి ఉంటుంది, దానికి దగ్గరలోనే ఉండండి.

ఎక్కడ కోయాలి

ఎడిటర్ వాల్టర్ మర్చ్ ఒక కట్ మంచిదో కాదో తూచడానికి ఆరు అంశాలు చెప్పి, వాటికి మార్కులు కూడా వేశాడు. భావోద్వేగానికి 51, కథకు 23, లయకు 10, చూసేవాడి కన్ను తెరమీద ఎక్కడుందో దానికి 7, తెర మీది దిశలూ గీతలకు 5, లొకేషన్‌లో మనుషులు వస్తువులు ఉన్నచోటే ఉండడానికి 4. ఈ పట్టిక నాకు ఇష్టం ఎందుకంటే మన స్టూడెంట్ రివ్యూలన్నీ ఆ చివరి నాలుగు మార్కుల మీదే నడుస్తాయి. "బ్రో, ఆ షాట్‌లో గ్లాసు ఎడంపక్క ఉంది, ఈ షాట్‌లో కుడిపక్క ఉంది." ఉండనీ. ఆ క్షణంలో ముఖం చూస్తుంటే గ్లాసు ఎవడికీ కనపడదు. గ్లాసు కనపడిందంటే ముఖంలో ఏమీ లేదన్నమాట, దిద్దుకోవాల్సింది అది.

ఆచరణలో నేను చేసేది ఇది. షాట్ ప్లే చేస్తూ, "సరే, తర్వాత?" అని లోపల అనిపించిన క్షణంలో స్పేస్ బార్ నొక్కుతాను. మళ్లీ మొదట్నుంచి ప్లే చేసి మళ్లీ నొక్కుతాను. రెండుసార్లూ దగ్గరదగ్గరగా పడితే అదే కట్ పాయింట్. రెండూ దూరంగా పడుతుంటే ఆ షాట్ ఏం అడుగుతోందో నాకే తెలియదన్నమాట, షాట్ మార్చి చూస్తాను.

ప్రశ్నకు వెంటనే జవాబివ్వాలని లేదు. దారం తెగింది. వెంటనే చేతులు చూపిస్తే ముడివేయడం కనిపిస్తుంది, విషయం తేలిపోతుంది. తెగిన చప్పుడు వినిపించాక ముఖం మీద నిలిచి, ఆమె కళ్లు దారం కొసను వెతకడం చూపి, అప్పుడు చేతులకు వెళితే ఆ మూడు సెకన్లు పొడవుగా అనిపిస్తాయి, మంచి అర్థంలో.

బొమ్మా శబ్దమూ ఒకేచోట కోయాలన్న నియమం కూడా లేదు. ఇక్కడికి ఆ రైలు కూత వస్తుంది. మామ్మ కొడుకు వలస సంగతి చెబుతోంది అనుకోండి, మన జిల్లాల్లో ఏ ఇంట్లోనైనా వచ్చే ముచ్చటే. ఆమె ముఖం ఇంకా తెరమీద ఉండగానే కూత వినిపించి, ఆ తర్వాత ప్లాట్‌ఫారం బొమ్మ వస్తే దాన్ని జె కట్ అంటారు, తర్వాతి సీను శబ్దం ముందు వచ్చేయడం. ఆమె మాట పూర్తి కాకుండానే బొమ్మ ప్లాట్‌ఫారానికి మారి, మాట దానిమీద కొనసాగితే ఎల్ కట్. స్టూడెంట్ సినిమా అతుకులబొంతలా కనిపించకుండా చేసే మందు ఈ రెండే, ఫేడ్‌లూ డిజాల్వ్‌లూ కాదు. సంభాషణ సీన్లలో అయితే మాట్లాడేవాళ్ల ముఖం కంటే వినేవాళ్ల ముఖం మీద ఎక్కువ ఉండి చూడండి. తిట్టేవాడి నోరు మనకు వినపడుతూనే ఉంది, తిట్లు తినేవాడి ముఖం ఏమైందన్నదే చూడాలనిపిస్తుంది.

చూపించండి, కానీ తెరను చూడకండి

రఫ్ కట్ (మెరుగులు దిద్దని మొదటి కూర్పు) అయ్యాక నలుగురిని కూర్చోబెట్టండి. సినిమా తీసే స్నేహితులు వద్దు, వాళ్లు లెన్స్ అడుగుతారు. పిన్ని, ట్యూషన్ పిల్లలు, కింద కిరాణా కొట్టు అంకుల్, ఇలాంటి వాళ్లు కావాలి. పక్కనుంచి వాళ్లను చూడండి. ఎక్కడ కదిలారు, ఎక్కడ పక్కవాళ్లతో గుసగుసలాడారు. అయిపోయాక "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది బాబూ" అంటారు, దాంతో ఏం చేసుకుంటాం? "ఆ ముసలామె చేతిలో ఏముంది? కొడుకు ఎక్కడున్నాడు?" అని అడగండి. చెప్పలేకపోతే అక్కడ కట్ తప్పు. వాళ్లు ఇచ్చే సలహాలను మాత్రం యథాతథంగా పాటించకండి, నొప్పి చెప్పడం వాళ్లకు తెలుసు, మందు మీరే వెతకాలి. "మధ్యలో సాగింది" అన్నారంటే చాలాసార్లు మధ్యలో తగ్గించాల్సింది ఏమీ ఉండదు, మొదట్లో ప్రశ్న సరిగా పడలేదు, అందుకే మధ్య సాగినట్టుంటుంది.

చివరి పనులు

కోత ఖరారైన తర్వాతే కలర్, సౌండ్ ముట్టుకోండి. మాటలు మీటర్ మీద మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడుతుంటే చాలు. సంగీతం మాటను మింగుతోందేమో మామూలు ఫోన్ స్పీకర్‌లో పెట్టి వినండి, ఎక్కువమంది వినేది అందులోనే.

సబ్‌టైటిల్స్ దగ్గర ఒక మాట. మన యాస రాయలసీమ వాళ్లకో తెలంగాణ వాళ్లకో ఒక్కోసారి అందదు, కాబట్టి తెలుగు సబ్‌టైటిల్స్ వేస్తే తప్పేం లేదు. వేసేటప్పుడు "ఎల్లిపోనాడు" అన్నదాన్ని "వెళ్లిపోయాడు" అని దిద్దకండి. ఆమె అన్నది అలాగే రాయండి, అర్థమవుతుంది. ఫెస్టివల్‌కి పంపేటప్పుడు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వేరే ఫైలుగా పెట్టుకోండి, బొమ్మలోనే కలిపేస్తే తర్వాత తీయలేం.

టైటిల్స్‌లో పేర్లు, ఊళ్లు ఆ మనుషులకే చదివి వినిపించి సరిచూసుకోండి. ఫైనల్ ఫైలు వాళ్లకు ఇవ్వడం మర్చిపోవద్దు, వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నలిగిపోయి వెళ్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో వేసి వాళ్లింటి టీవీకి మీరే పెట్టి చూపించి రండి.